బూడిదరంగు పిట్ట కొలతలు

కిటికీ పక్కన, సోమవారం

చిరంజీవి బావమరిదికి,

దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి ఈ ఉత్తరం విప్పినందుకు ముందుగా మీ బావ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా ఎడమ మోకాలు తప్ప. చలికి బిగుసుకుపోయి మడత పడనంటోంది. చలి తగ్గేదాకా కుట్టు మిషను తొక్కొద్దు, గడప దాటొద్దు అన్నాడు డాక్టరు. నలభై ఏళ్లుగా తొమ్మిదయ్యేసరికి దుకాణం తలుపు తీసిన చెయ్యి ఊరుకుంటుందా? తొమ్మిదయ్యేసరికి వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీస్తున్నాను. మీ అక్క రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు బజారుకెళ్ళి ఒక రంగుల పెట్టె, మూడు సన్న కుంచెలు తెచ్చి నా ముందు పడేసింది. "వీటితో ఏం చేసుకుంటారో చేసుకోండి, నా గిన్నెల జోలికి మాత్రం రాకండి" అంది.

అంచేత పిట్టల బొమ్మలు వేస్తున్నాను. చిన్నచిన్నవే. చొక్కా మడిచేటప్పుడు కాలరు కింద పెట్టే అట్టముక్క ఉంటుంది చూడు, అరచేతి అంత, వెనక నా దుకాణం పేరూ అడ్రసూ అచ్చయి ఉంటుంది, దాని మీద. ఈకలు మరీ సన్నం కదా, నా కళ్ళజోడుకి ఆనడం లేదు. మీ అక్క కళ్ళజోడు పెట్టుకుంటే ఏ ఈకకా ఈక కనిపిస్తోంది. కాబట్టి ఈ చలికాలమంతా అది నా ముక్కు మీదే ఉంటుంది.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. మా కిటికీకి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. జ్ఞాపకం మీద మూడు పిచ్చుకలు వేస్తే మూడింటికీ మీ నాన్నగారి మొహమే వచ్చింది. నీకైతే గది ముందు మేడ ఉంది. కేలండర్ల అచ్చు అయిపోయింది కాబట్టి మీ ప్రెస్సులో పనీ లేదు. పొద్దున్నే కాస్త బయట నిలబడి, వచ్చిన పిట్ట ఎలా ఉందో చూసి రాసి పంపు. రంగూ నడకా ముఖ్యం. కొలతలు మరీ ముఖ్యం.

ఇట్లు,
మీ బావ

తా.క.: కొలతలు తీసేటప్పుడు పిట్టను ఊపిరి బిగబట్టనివ్వకు. మనుషులందరూ అదే చేస్తారు, తర్వాత చొక్కా బిగుతైందని నా మీద పడతారు.

•

మేడ మీది గది, గురువారం

బావగారికి మీ బావమరిది నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. తెల్లవారకముందే లేచి, ఎముకలు కొరికే చలిలో మేడ మీద నిలబడి చూశాను. చాలా పిట్టలు వచ్చాయి గానీ, వాటిల్లో ఒకదాన్ని మాత్రం మీరు వేసి తీరాలి.

ఒళ్ళంతా బూడిదరంగు. మెడ చుట్టూ ఎర్రగా ఒక పట్టీ. పొట్ట మీద పిండి జల్లినట్టు తెలుపు. మెడ లోపలికి లాక్కుని, తల ఒక పక్కకి వంచి, అడుగు తీసి అడుగు వేసే ముందు ఆగి నలువైపులా చూస్తుంది. తోక గలగలమంటుంది. కనబడిన ప్రతి దాన్నీ ముక్కుతో పొడిచి చూసి, పెదవి విరిచి, ముందుకి పోతుంది. ఒక్కసారి అరిచిందంటే వీధి చివరి కుక్క కూడా లేచి కూర్చుంటుంది. చాతీ కొలత దూరం నుంచి తీశాను, ఉదారంగా వేసుకోండి.

అక్కకి విడిగా ఒక చీటీ పెట్టాను. అది మా ఇద్దరి మధ్య సంగతి, దయచేసి మీరు విప్పకండి.

ఉంటాను మరి,
మీ బావమరిది

తా.క.: పెదవి విరవడం ఏమిటని అడగకండి. ముక్కు విరిచింది అని దిద్దుకోండి. ప్రూఫులు దిద్దేవాడి ఉత్తరంలో కూడా తప్పులుంటాయి.

(చీటీ)

అక్కా, ఇది బావ కంట పడనివ్వకు. ఈ చలిలో పిట్టల కోసం లేచేంత పిచ్చివాణ్ణి కాదు నేను. నేను రాసింది మా ఓనరమ్మ గురించి. కింద బేకరీ ఆవిడదే. నాలుగింటికల్లా లేచి, బూడిదరంగు స్వెట్టరు, ఎర్ర మఫ్లరు, పొట్ట నిండా పిండి, నడుముకి తాళాల గుత్తి, ఇలా మేడంతా తిరుగుతుంది. నేను ఒక కన్ను తెరిచి కిటికీలోంచి చూసి మళ్ళీ పడుకుంటాను. ఈ సంగతి బయటికి పొక్కిందా, నా పని అయిపోయినట్టే. ముందు ఈ గదిలో ఉన్నాయన ఒకసారి మెట్ల మీద ఆవిడ నడకను అనుకరించాడట. వారం తిరక్కుండా పెట్టెతో సహా వీధిలో ఉన్నాడు. ఈ గది కింద రొట్టెల పొయ్యి ఉంది అక్కా. నేలంతా వెచ్చగా ఉంటుంది. ఊరు మొత్తం మీద ఈ చలికాలంలో ఉత్త కాళ్ళతో నడవగలిగే నేల ఇదొక్కటే. ఇది పోతే నేను బతకను.

•

కిటికీ పక్కన, మంగళవారం

చిరంజీవి బావమరిదికి,

వెచ్చగా ఉన్నావని తలుస్తూ మీ బావ ఆశీస్సులు.

నీ శ్రద్ధకి నా కళ్ళు చెమర్చాయిరా. చలికి ఒక్క రోజు కూడా లేవని వాడివి, నా కోసం తెల్లవారకముందే లేచావు! నీ పిట్టను వేసి పంపుతున్నాను. నాలుగు రోజులు పట్టింది. బూడిదరంగు మూడు రకాలు కలిపాను. పొట్ట దగ్గర తెలుపును కుంచెతో కాకుండా వేలితో అద్దితే అచ్చం పిండిలా వచ్చింది.

ఒకటి రెండు సందేహాలున్నాయి. ఈ పిట్టకి జేబులున్నాయా? నువ్వు చెప్పిన ఆకారానికి రెండు పక్కలా జేబులుంటే అందంగా ఉంటుందని నా చేతికి అనిపిస్తోంది. నలభై ఏళ్ల అలవాటు కదా. ఈసారికి వేయలేదులే.

మీ అక్క చీటీ మీ అక్కకి అందింది. ఒక్క ముక్క పొల్లుపోకుండా అందింది, ఆ పూచీ నాది.

ఆశీస్సులతో,
మీ బావ

తా.క.: ఉదారంగా వేసుకోమన్నావు కదా అని చాతీ దగ్గర రెండంగుళాలు వదిలాను. తర్వాత ఒళ్ళు చేసినా సరిపోతుంది.

•

మేడ మీది గది, శనివారం

బావగారికి నమస్కారాలు.

బొమ్మ అందింది. బాగుంది. ఇక ఆ పిట్టను వదిలేద్దాం బావా. ఒకే పిట్ట మీద కూర్చుంటే చెయ్యి తిరగదు. కాకిని వేయండి. కాకి మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. కొలతలు కూడా అన్ని కాకులకీ ఒకటే.

అక్కకి చీటీ పెట్టాను.

మీ బావమరిది

తా.క.: ఈ పిట్టకి జేబులు లేవు. తాళాలు కూడా లేవు. మీరు తాళాల మాట అడగలేదని నాకు తెలుసు, అయినా ముందుగా చెబుతున్నాను.

(చీటీ)

అక్కా, కొంప మునిగేలా ఉంది. కవరు విప్పినవాణ్ణి విప్పినట్టే మళ్ళీ మూసేశాను. ముక్కు ఉంది, రెక్కలున్నాయి, గోళ్ళున్నాయి, అయినా అది ఓనరమ్మే! ఆ తల వంపు, ఆ అనుమానం చూపు ఉన్నవున్నట్టు దిగాయి. నిజం చెబుతున్నాను, బొమ్మ బాగుంది. మామూలు బాగు కాదు, నాకు భయమేసేంత బాగుంది. బావతో మాత్రం అనకు, నెత్తికెక్కించుకుంటాడు.

బీరువా తలుపు లోపలివైపు గుచ్చి దాచాను. నిన్న నీళ్ళ గొట్టం చూడ్డానికి ఓనరమ్మ పైకొచ్చింది. గొట్టం చూసిన మనిషి చూసినట్టు పోవచ్చుగా? బీరువాలోకి తేమ వచ్చిందేమోనని తలుపు తీసింది. బొమ్మను ఊడదీసింది. చూసింది. తిప్పి వెనక కూడా చూసింది. మళ్ళీ గుచ్చేసింది. "పొట్ట మరీ ఇంత ఉంటుందా?" అని ఒక్క మాట అడిగింది. "పిట్టకా అండీ?" అన్నాను. "మరెవరికి?" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తాళాల చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఎలాగైనా బావను కాకి మీదికి మళ్ళించు.

•

కిటికీ పక్కన, బుధవారం

చిరంజీవి బావమరిదికి,

నీ కాళ్ళ కింద నేల ఎప్పుడూ చల్లబడకూడదని కోరుకుంటూ మీ బావ ఆశీస్సులు.

కాకిని వేయమన్నావు. నల్లరంగు నాకు గిట్టదురా. నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టీ కుట్టీ ఉన్న కళ్ళు కాస్తా పాడయ్యాయి. అదీగాక ఆ బూడిదరంగు పిట్ట నా మనసుకి పట్టేసింది. దాన్నే మళ్ళీ పెద్దగా, రెండు అరచేతులంత వేశాను. ఈసారి ఎరుపు ముదురుగా పెట్టాను. గాజు బిగించి చట్రం కట్టిస్తున్నాను.

ఎవరికంటావా? మీ ఓనరమ్మగారికి! ఎంత ఆలోచించినా నాకు ఆవిడే కనిపిస్తోంది. ఆవిడ మేడ లేకపోతే పిట్ట ఎక్కడిది? ఆవిడ నిన్ను ఉండనివ్వకపోతే ఆ పిట్టను చూసే నాథుడెవరు? బొమ్మ కింద అందంగా రాయిస్తాను: "మీ మేడ మీద రోజూ తిరిగే పిట్ట. చూసి వర్ణించినవారు, మీ అద్దెకుండే మా బావమరిది." నీ పేరు పైకి రావాలన్నదే నా కోరిక. ఆదివారం పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ బావ

తా.క.: మీ అక్క ఎందుకో పొద్దుట్నుంచీ చీర కొంగు నోట్లో కుక్కుకుని తిరుగుతోంది. పంటి నొప్పి అయి ఉంటుంది.

•

మేడ మీది గది, శుక్రవారం, చాలా అర్జెంటు

బావగారికి,

మనసు రాయి చేసుకుని చదవండి. పిట్ట పోయింది.

నిన్న పొద్దున గోడ మీద కూర్చుని, రోజూ తిట్టినట్టే వీధినంతా తిట్టి, ఉన్నట్టుండి పక్కకి ఒరిగింది. చలి దెబ్బ. నేనే తీసుకెళ్ళి మొక్కల కుండీలో పాతిపెట్టాను. ఇలాంటప్పుడు చట్రం కట్టిన బొమ్మ పంపితే చూసినవాళ్ళకి బాధే తప్ప సుఖం లేదు. ఓనరమ్మగారిది అసలే సున్నితమైన మనసు. దయచేసి పంపకండి.

మీ బావమరిది

తా.క.: దానికి జంట పిట్ట, పిల్లలు, అన్నదమ్ములు ఎవరూ లేరు. వాటిని వేస్తానని మొదలుపెట్టకండి.

(చీటీ)

అక్కా, కంగారు పడకు. ఓనరమ్మ నిక్షేపంగా ఉంది. ఇప్పుడే కింద ఎవరినో రొట్టె ముక్కతో బెదిరిస్తోంది. నా గది నిలబెట్టుకోవడానికి ఆవిడను ఉత్తరంలో చంపాల్సి వచ్చింది. నా వంతు నేను చేశాను. ఆ చట్రం మాత్రం గడప దాటకుండా నువ్వు చూసుకో.

•

కిటికీ పక్కన, మంగళవారం

చిరంజీవి బావమరిదికి,

దుఃఖంలో ఉన్న నీకు మీ బావ ఓదార్పు మాటలు.

ఉత్తరం చదివి పొద్దున కాఫీ కూడా తాగలేదు. మధ్యాహ్నం తాగాను. నువ్వు చెప్పినట్టే చట్రం పంపడం మానేశాను. కానీ ఒక ఇంటి మీద ఇన్నాళ్ళు తిరిగిన ప్రాణి పోతే ఆ ఇంటావిడకి ఒక్క మాట చెప్పకపోవడం పెద్దమనిషి తరహా కాదు. అందుకని మీ ఓనరమ్మగారికి సంతాపం తెలుపుతూ ఉత్తరం రాశాను. ఇలా రాశాను:

"అమ్మా, మీ మేడ మీద తెల్లవారుజామున తిరిగే బూడిదరంగు పిట్ట పోయిందని మా బావమరిది ద్వారా తెలిసి చాలా బాధపడ్డాను. ఎర్రటి మెడ, పిండి జల్లినట్టున్న పొట్ట, గలగలమనే తోక ఇక కనబడవంటే నమ్మలేకుండా ఉన్నాను. దాని అరుపుకి వీధి చివరి కుక్క లేచేదట. మరిన్ని వివరాలకు మావాణ్ణి అడగండి. ఆఖరి చూపు చూసింది వాడే."

కాగితం చుట్టూ నల్ల అంచు కూడా గీశాను. మొన్ననే పోస్టు చేశాను, ఈపాటికి అంది ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ బావ

తా.క.: మీ అక్క పంటి నొప్పి తగ్గలేదు. ఇప్పుడు కళ్ళ నీళ్ళు కూడా వస్తున్నాయి.

•

మేడ మీది గది (ఇంకెన్నాళ్ళో తెలియదు), గురువారం

బావా,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు.

మీ నల్ల అంచు ఉత్తరం పట్టుకుని ఓనరమ్మ వెనక మెట్ల మీద నా దారికి అడ్డంగా నిలబడింది. అదే స్వెట్టరు, అదే మఫ్లరు, అదే పిండి.

"మా మేడ మీద ఏదో పిట్ట పోయిందట. నేనెప్పుడూ చూడలేదే. ఎలా ఉండేది?" అంది.

"పచ్చగా ఉండేదండీ" అన్నాను.

"మీ బావగారు బూడిదరంగని రాశారు."

"చలికి రంగు మారిందండీ."

"వయసు మీద పడిందా, పాపం?"

"అబ్బే, చాలా చిన్న వయసండీ!" అన్నాను వెంటనే.

"చూడ్డానికి ఎలా ఉండేది?"

"వీధి మొత్తంలో అంత అందమైనది లేదండీ!"

"మరి అరుపు?"

"పాటండీ అది. పాట పాడేది."

ఆవిడ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. అవును, జేబులున్నాయి. "ఆ కుండీ ఏదో రేపు చూపించు, నాలుగు పువ్వులు పెడదాం" అని వెళ్ళిపోయింది. ఆవిడ బీరువాలో బొమ్మ చూసిన రోజు నుంచీ నేను వెనక మెట్ల మీంచే తిరుగుతున్నాను. బేకరీ మొహం చూసి పది రోజులవుతోంది.

ఇంకో వింత కూడా ఉంది. వీధిలో జనం నన్ను చూసి నవ్వుతున్నారు. క్షవరం చేసే ఆయన కత్తెర ఆపి మరీ నవ్వాడు. పాలు పోసే ఆవిడ, "ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు" అని పాడుకుంటూ పోయింది. అర్థం ఏమిటో అంతు చిక్కడం లేదు.

పెట్టె సర్దుకుని కూర్చున్నాను. ఇంక పిట్టల పేరెత్తకండి.

మీ బావమరిది

తా.క.: కుండీలో పాతిపెట్టడానికి ఏదైనా పిట్ట కావాలి. దొరుకుతుందా?

(చీటీ)

అక్కా, నా గది పోయినట్టే. మీ ఇంట్లో నాకో మూల చూపించు. నేల చల్లగా ఉన్నా సర్దుకుంటాను. జోళ్ళు వేసుకుని పడుకుంటాను.

•

కిటికీ పక్కన, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

పెట్టె విప్పుకోమని చెబుతూ మీ బావ ఆశీస్సులు.

ఒరే, ఊళ్ళో వాళ్ళ తప్పులన్నీ దిద్దే నీకు నా మొదటి ఉత్తరంలో ఒక్క వాక్యం కంట పడలేదేమిరా? మీ అక్క కళ్ళజోడు నా ముక్కు మీద ఉందని రాశానా లేదా? అది లేకుండా మీ అక్కకి అక్షరం ముక్క కనబడదు. మరి నీ చీటీలు ఆవిడకి ఎవరు చదివి పెట్టారనుకున్నావు? "బావ కంట పడనివ్వకు" అన్న దగ్గర్నుంచీ గొంతెత్తి చదివాను. ఆవిడకి పంటి నొప్పి ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

ఇక మీ ఓనరమ్మగారి సంగతి. బీరువాలోని బొమ్మను తిప్పి వెనక ఏం చూసిందనుకున్నావు? నా దుకాణం అడ్రసు. ఆ సాయంత్రమే నాకు ఉత్తరం రాసింది. తిట్లు తప్పవనుకుని భయపడుతూనే విప్పాను. "బాబూ, ఆ పిట్ట నేనేనని పోల్చుకున్నాను. ముందు ఉన్నాయన నన్ను వెక్కిరించాడు, పంపేశాను. మీరు వెక్కిరించలేదు, ఉన్నదున్నట్టు వేశారు. ఇరవై ఏళ్లుగా నాలుగింటికి లేచి తిరుగుతున్నాను, నన్ను ఇంత శ్రద్ధగా చూసిన మనిషి ఒకడున్నాడని ఇప్పుడే తెలిసింది. చాతీ మాత్రం రెండంగుళాలు తగ్గించాలి, ఎరుపు ముదురు చేయాలి" అని రాసింది. నేను సిగ్గుపడి రెండూ సరిచేశాను. చట్రం నీకు తెలియకుండా ఎప్పుడో పంపాను. సంతాపం ఉత్తరం కూడా ఇద్దరం కలిసి అనుకున్నదే. నువ్వు ఆవిడను చిన్న వయసులో చంపావని, వీధిలోకల్లా అందగత్తెను చేశావని నిన్న మళ్ళీ రాసింది. చాలా సంతోషంగా ఉంది.

అయితే ఆవిడ మొదటి ఉత్తరంతో పాటే ఇంకో పిట్ట వివరాలు కూడా పంపింది. చదువు:

"మా మేడ మీద మరో పిట్ట ఉంది. ఒళ్ళంతా నీలం గళ్ళ దుప్పటి. ముక్కూ రెండు వేళ్ళూ తప్ప ఏమీ బయటికి రావు. వెచ్చటి నేల మీదే గూడు. తొమ్మిది దాటితే గానీ కన్ను విప్పదు. లేపితే ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అని కూస్తుంది. ఎగరగా చూసినవాళ్ళు లేరు. కొలతలు తీయడం చాలా తేలిక, కదలదు కాబట్టి."

ఒక్క రోజులో వేసి, కింద దాని కూత కూడా రాశాను. నా జన్మలో అంత సులువుగా ఏదీ రాలేదు. వారం రోజులుగా రెండు బొమ్మలూ బేకరీలో రొట్టెల అలమర పైన పక్కపక్కనే వేలాడుతున్నాయి. నువ్వు వెనక మెట్ల మీంచి తిరుగుతున్నావు కాబట్టి వీధి మొత్తానికి నువ్వొక్కడివే చూడలేదు.

గది నీదే. ఆవిడ షరతు ఒక్కటే. రేపటి నుంచి ఆరింటికల్లా లేచి, మేడ మీద రొట్టె పొడి చల్లి, నిజం పిట్టల్ని చూసి నాకు కొలతలు రాయాలి. లేచావో లేదో ఆవిడ కింద నుంచి చూసుకుంటుంది. ఆవిడ పాట నీకు తెలుసుగా.

ఆశీస్సులతో,
మీ బావ

తా.క.: మీ ప్రెస్సు యజమాని రోజూ అక్కడే రొట్టె కొంటాడట. వచ్చే ఏడాది కేలండరుకి నా బొమ్మలు పన్నెండు కావాలని రాశాడు. దుప్పటి పిట్ట డిసెంబరు పేజీకి ఖాయమైంది. ప్రూఫు నీ బల్ల మీదికే వస్తుంది, పోలికలో తప్పులుంటే దిద్దు.

రెండో తా.క.: తమ్ముడూ, ఇది మీ అక్క చేతిరాత. కళ్ళజోడు ఈ పూటకి నాకు దొరికింది. నీ చీటీలు నాలుగూ నా కళ్ళతో నేనే చదువుకుందామని వెతికితే మూడే ఉన్నాయి. రెండోది లేదు. బొమ్మ నీకు భయమేసేంత బాగుందని, బావతో అనొద్దని రాశావే, అది. ఆ రోజు ఆ మాట దగ్గర ఆగిపోయి మళ్ళీ మొదట్నుంచీ చదివారు. నాకు సరిగ్గా వినబడలేదేమోనని మూడోసారి కూడా చదివారు. వెతగ్గా వెతగ్గా రంగుల పెట్టె అడుగున దొరికింది, మడత నలగకుండా కాలరు అట్టలో పెట్టుకున్నారు. నేను చూసినట్టు ఆయనకి తెలియదు. అందుకే ఇది ఈకంత సన్నగా రాస్తున్నాను. కళ్ళజోడు నా ముక్కు మీద ఉన్నంతసేపూ ఆయన చదవలేరు.